ఆరు గంటల బీపీ

విజయమ్మ ఇంట్లో ఆ మంగళవారం అన్ని మంగళవారాల్లాగే మొదలైంది. పెనం మీద దోశ, స్టవ్ పక్కన ఫోను, ఫోనులో నర్సుల సంఘం గ్రూపు. నర్సుగా రిటైరై రెండేళ్లయినా ఆమె ఇంకా డ్యూటీ దిగలేదు. పైగా ఇప్పుడు సంఘం క్రమశిక్షణ కమిటీలో మెంబరు. ఆ సంగతి మదనపల్లెలో పాలాయనకు కూడా తెలుసు.

గేటు చప్పుడైంది. పుంగనూరు నుంచి మొదటి బస్సుకే వచ్చేసింది చెల్లెలు వరలక్ష్మి. అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. చేతిలో కవరు.

"అక్కా, పదకొండుకు నా విచారణ. జవాబు రాసుకొచ్చినా. ఒక్కసారి సదువు."

"ఈడ సదవకూడదు. ఆడ ఖైరున్నీసా మేడమ్‌కే ఇయ్యి. నీ కేసులో ఓటెయ్యనని ముందే రాసిచ్చినా."

"ఓటెవురడిగినారు? సదవమన్నా, అంతే."

కూతురు తేజస్విని ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే అంది. "అమ్మా, పిన్నమ్మకు దోశన్నా పెడతావా, అదీ రూలుకు అడ్డమొస్తాదా?"

"నువ్వు నోరు మూసుకో." విజయమ్మ చెల్లెలి వైపు తిరిగింది. "సదుం నుంచి వచ్చిన ముసలాయన, ఆ మునస్వామప్ప. తెల్లారి ఐదింటికే ఆయన నోరు వంకర పోయింటే, ఆరింటికి బీపీ నూటిరవై ఎనభై అని యాల రాసినావు? ఆ చార్టు సూసి, నిద్రపోతాండాడనుకుని డాక్టరు పక్క మంచానికి పోయినాడు. ఎనిమిదింటికి గానీ పక్షవాతమని తెలీలేదు."

"నేను ఆరింటికి రాయలేదక్కా. ముందురోజు రాత్రే నింపేసినా. నలభై మందికి ఒక్కదాన్నే. పొద్దున లేచేసరికి..."

"సిగ్గులేదా ఆ మాట చెప్పను? ఏ నర్సు నేర్పింది నీకీ దొంగపని?"

వరలక్ష్మి అక్క మొహంలోకి చూసింది. తర్వాత కవరు సంచిలో పెట్టుకుని, దోశ ముట్టుకోకుండా వెళ్లిపోయింది.

సంఘం హాల్లో కమిటీకి నాలుగు కుర్చీలు, ఓటు లేకున్నా ఒకదాంట్లో విజయమ్మ, ఎదురుగా ఒక బెంచీ. బెంచీ చివర వరలక్ష్మి. వెనకాల మునస్వామి కూతురు అంకమ్మ. కమిటీ పెద్ద ఖైరున్నీసా జవాబు కాగితం పైకి చదువుతోంది. తప్పు ఒప్పుకుంది వరలక్ష్మి. సాకులేమీ చెప్పలేదు. చివరి ప్రశ్న వచ్చింది.

"ఈ పద్ధతి మీకు ఎవరు నేర్పారు? జవాబు: ఎవరూ నేర్పలేదు. నా అంతట నేనే."

విజయమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది.

కుప్పం ఆసుపత్రి. ఇరవై రెండేళ్ల కిందట. కొత్తగా చేరిన చెల్లెలు వార్డులో చెమటలు కక్కుతుంటే, చార్టులు లాక్కుని తానే నింపి చూపించింది. 'రాత్రే రాసి పెట్టుకో పాపా. పొద్దున నిదానంగా సూసి, తేడా ఉంటే దిద్దుకో. నేనట్లనే చేస్తా.' తన డ్యూటీలో ఎప్పుడూ ఏమీ కాలేదు. ఇన్నేళ్లూ దాన్ని తన హస్తవాసి అనుకుంది. ఉత్త అదృష్టమని ఇప్పుడు తెలిసింది.

విజయమ్మ లేచింది. నడిచి వెళ్లి బెంచీ మీద చెల్లెలి పక్కన కూర్చుంది.

"మేడమ్, ఆ జవాబు అబద్ధం. నేర్పింది నేను. నా పేరు గూడా రాసుకోండి."

"ఆలోచించే చెప్తాండారా విజయమ్మా? మీకు ఈ కుర్చీ ఉండదు. ఆమెకు శిక్షా తగ్గదు."

"తగ్గించొద్దు మేడమ్."

వెనకనుంచి అంకమ్మ గొంతు వినిపించింది. "మీరూ మీరూ బాగానే కాపాడుకోండమ్మా. మా నాయన కుడిచెయ్యి మాత్రం లెయ్యదు."



వరలక్ష్మికి ఆరు నెలల సస్పెన్షన్. కమిటీ పట్టీలో విజయమ్మ పేరు కొట్టేశారు. బయట మెట్ల మీద వరలక్ష్మి ఏడుపు ఆపుకోలేకపోయింది.

"యాల చెప్పినావక్కా? నేనొక్కదాన్నే మోసుండేదాన్ని కదా."

"పొద్దున నేనడిగినప్పుడే నా మొహాన కొట్టినట్టు చెప్పుండొచ్చు కదే."

"పెద్దదానివి. నీ కూతురి ముందర ఎట్ల చెప్పేది?"

విజయమ్మ చీరకొంగుతో చెల్లెలి మొహం తుడిచింది, తర్వాత అదే కొంగుతో తన మొహం.

"నీ బీపీ మిషను యాడుండాది?"

"సంచిలోనే."

"దా, ముందు రెండు దోశలు తిను. తిన్నాక సదుం పోదాం. ఆయన ఎడమచెయ్యన్నా పట్టుకుని సూద్దాం."

"అంకమ్మ లోపలికి రానిస్తాదా?"

"ఈరోజు రానియ్యదు," అంది విజయమ్మ, మెట్లు దిగుతూ. "రేపు మళ్లా పోదాం."