పంతొమ్మిది డ్రాలు

"తప్పు" అన్నాడు రవిచంద్ర.

హాలంతా అతని వైపు తిరిగింది. క్రైస్ట్‌చర్చ్ తెలుగువాళ్ళ ఉగాది కార్యక్రమం అది. పంచాంగ శ్రవణం అయిపోయింది, పులిహోర ఇంకా రాలేదు. ఆ మధ్య ఖాళీలో క్విజ్ పెట్టారు. మైకు పట్టుకుని ప్రశ్నలు అడుగుతున్న అమ్మాయి నిరుపమ. ఆసుపత్రిలో ఫార్మసిస్టు. ఆకుపచ్చ చీర కట్టుకుని, ప్రశ్నల కార్డులు పేకముక్కల్లా పట్టుకుని నిలబడింది.

"ఏమిటండీ తప్పు?"

"ఇటలీ ఫుట్‌బాల్ లీగులో సీజన్ మొత్తం ఓడిపోని మొదటి టీం మిలాన్ అన్నారు. కాదు. పెరూజా. 1978-79లో. ముప్పై మ్యాచ్‌లు. పదకొండు గెలుపులు, పంతొమ్మిది డ్రాలు. ఓటమి సున్నా."

"నా కార్డులో మిలాన్ అనే ఉంది."

"ఓడిపోకుండా ఛాంపియన్ అయిన మొదటి టీం మిలాన్. ఛాంపియన్ కాకపోయినా, ఓడిపోకుండా ఉన్న మొదటి టీం పెరూజా. సోర్స్ చెక్ చేశారా?"

వెనక వరసలోంచి ఒక పెద్దాయన, "పెరుగా? పులిహోరే ఇంకా రాలేదు, అప్పుడే పెరుగన్నందాకా వెళ్ళావేమిటయ్యా?" అన్నాడు. హాలు గొల్లుమంది.

నిరుపమ నవ్వలేదు. "కరెక్టు చెప్పినందుకు ఒక పాయింటు. చెప్పిన తీరుకి ఒక పాయింటు కట్. మొత్తం సున్నా. కూర్చోండి" అంది.

పులిహోర లైన్లో ఆమే వచ్చి అతని వెనక నిలబడింది. చేతిలో ఫోను.

"చెక్ చేశాను. మీరే రైటు."

"తెలుసు."

"ఆ 'తెలుసు' ఒక్కటీ లేకుండా ఉంటే బాగుండేది మీలో" అంది నిరుపమ. అప్పుడు మాత్రం నవ్వింది.

బయట వాన మొదలైంది. ఆమె దగ్గర గొడుగు లేదు. అతని దగ్గర ఉంది. కారుదాకా నలభై అడుగులు. ఆ నలభై అడుగుల్లో రవిచంద్ర ఎడమ భుజం పూర్తిగా తడిసింది, కుడి భుజం మాత్రం పొడిగా ఉంది. కుడివైపు ఆమె ఉంది మరి.

*

తర్వాత ఆదివారాలన్నీ హాగ్లీ పార్కులో నడకే. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

రవిచంద్రది నరసరావుపేట. చదువుకోడానికి వచ్చి, క్రైస్ట్‌చర్చ్ భూకంపం తర్వాత లేచిన బిల్డింగులకు లెక్కలు కట్టే ఇంజనీరుగా స్థిరపడ్డాడు. అలాంటివాడికి ఇటలీలో ఏదో ఊరి క్లబ్బు మీద ఇంత పిచ్చి ఎందుకో నిరుపమకు అర్థం కాలేదు.

"మా ఇంటి ఓనరు ఆల్డో అని ఉండేవాడు. పెరూజా ఆయన సొంతూరు. స్టూడెంటుగా ఉన్నప్పుడు ఆయన ఇంటి వెనక గదిలోనే ఉన్నాను. నాకు వంట రాదని సూప్ పెట్టేవాడు. పెడుతూ స్కోర్లు చెప్పేవాడు. పోయేముందు ఇది నాకిచ్చాడు."

నల్ల అట్ట పుస్తకం. కాయితాలు పసుపు రంగుకు తిరిగాయి. ఆ ఒక్క సీజను మ్యాచ్‌లు ముప్పై, ముప్పై వరసల్లో, ముత్యాల్లాంటి చేతిరాతతో. చివర మూడు అంకెలు: 11, 19, 0. సున్నా చుట్టూ రెండుసార్లు గీసి ఉంది.

"మరి ఛాంపియన్ ఎందుకు కాలేదు?"

"మిలాన్‌కి మూడు పాయింట్లు ఎక్కువ. అప్పట్లో గెలిస్తే రెండు పాయింట్లు, డ్రా అయితే ఒకటి."

నిరుపమ కాసేపు ఆ పంతొమ్మిది మీద వేలు పెట్టి చూసింది. "ఇందులో ఒక ఆరు గెలిచి ఉంటే సరిపోయేది కదూ? పోనీ రెండు ఓడిపోయినా ఫరవాలేదు. ఓటమి లేదు, గెలుపూ లేదు. దీనికి నువ్వు దండం పెడుతున్నావు."

"ఓడిపోకపోవడం చిన్న విషయం కాదు నిరూ."

"నీకు కాదులే. హోటల్లో టిఫిను ఆర్డరివ్వడానికి కూడా పక్క టేబులు వాళ్ళు ఏం తింటున్నారో చూసి ఇస్తావు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఒకటి చెప్పు. మ్యాచ్‌కి ఒక టీము అసలు రాకపోతే ఏం రాస్తారు?"

"రాని టీం మూడు-సున్నాతో ఓడిపోయినట్టు రాస్తారు."

"ఒక్క గోలూ పడకుండానే?"

"ఒక్క గోలూ పడకుండానే."

"బాగుంది" అంది నిరుపమ. పుస్తకం మూసి, జాగ్రత్తగా అతని చేతికిచ్చింది.

*

చలికాలంలో ఆమె అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వచ్చారు. శ్రీనివాసమూర్తి, శేషారత్నం. పౌర్ణమి శనివారం పడింది. ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు.

"నువ్వు రావాలి" అంది నిరుపమ ఫోనులో.

"వస్తాను. అందరూ వస్తారుగా."

"అందరి సంగతి వద్దు. నువ్వొచ్చి మా నాన్నతో ఒక మాట చెప్పాలి. ఆ మాట ఏమిటో నేను చెప్పి పంపను."

"కాస్త టైం ఇస్తే..."

"మార్చి నుంచి ఇస్తున్నాను. ఆక్లండ్ అబ్బాయి సంబంధం ఒకటి వచ్చింది, రోహిత్ అని. నాన్న నన్ను అడిగాడు. శనివారం దాకా ఆగమన్నాను. నువ్వొచ్చి చెబితే ఆ సంబంధం వద్దంటాను. రాకపోతే వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. అర్థమైందా ఇంజనీరుగారూ?"

"అర్థమైంది."

ఫోను శేషారత్నం తీసుకుంది. "బాబూ, నీ గోత్రం ఏమిటి?"

"కౌశిక, ఆంటీ."

"నక్షత్రం?"

"పుష్యమి."

"శుభం నాయనా. పదింటికల్లా వచ్చెయ్."

గోత్రం, నక్షత్రం. రవిచంద్ర ఫోను పెట్టేశాడు. జాతకాలు చూస్తున్నారన్నమాట.

అతని ఫోనులో జాతకాల యాప్ ఉంది. అతని వివరాలు అమ్మ ఎప్పుడో ఎక్కించి పెట్టింది. నిరుపమ పుట్టినరోజు అతనికి తెలుసు. తెల్లవారుజామున నాలుగింటికి పుట్టాననీ, అందుకే తనకు నిద్ర తక్కువనీ ఒకసారి చెప్పింది. తేదీ కొట్టాడు, టైము కొట్టాడు. పొంతన చూడమన్నాడు.

అమ్మాయి: ఉత్తరాభాద్ర. అబ్బాయి: పుష్యమి. ముప్పై ఆరుకు పద్దెనిమిది. కింద ఎర్రటి అక్షరాల్లో, నాడీ దోషం.

సరిగ్గా సగం. డ్రా కూడా కాదు, దోషంతో డ్రా. శ్రీనివాసమూర్తి కళ్ళజోడు సర్దుకుని, పదిమంది ముందు, "క్షమించు బాబూ, పొంతన కుదరలేదు" అనడం అతని కళ్ళకు కట్టింది. ఆ రాత్రీ అదే కనిపించింది, మర్నాడూ అదే కనిపించింది. నిరుపమను ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు. భయపడినవాడికి తన భయం ఒక్కటే నిజంలా ఉంటుంది. దేవుడి ముందు కూర్చోడానికి పొంతన ఎవరడుగుతారు? ఆ మాత్రం ఆలోచన కూడా రాలేదు.

శనివారం తొమ్మిదిన్నరకు అతను ఆమె వీధి మలుపులోనే ఉన్నాడు. కారులో. పక్క సీట్లో కొబ్బరికాయ, అరటిపళ్ళు. వాన పడుతోంది. వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి, వెళ్ళు, వద్దు, వెళ్ళు, వద్దు అన్నట్టు. పదయింది. పదిన్నరయింది. శ్రీనివాసమూర్తి గొడుగు వేసుకుని రెండుసార్లు గేటుదాకా వచ్చి వీధి వైపు చూసి వెళ్ళాడు.

వెళ్ళకపోతే కాదనిపించుకున్నట్టు కాదు కదా అనుకున్నాడు రవిచంద్ర. తర్వాత నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు.

మెసేజ్ పెట్టాడు. "సైట్‌లో అర్జెంటు పని పడింది. సారీ."

ఒకే ఒక్క మాట వచ్చింది. "సరే."

తొమ్మిదో రోజున ధైర్యం చేసి ఫోను చేశాడు.

"నిరూ, ఆ రోజు..."

"నాన్న ఆక్లండ్ వాళ్ళకి సరేనన్నాడు రవీ."

"నువ్వు?"

"నేనూ అన్నాను. నన్నెవరూ బలవంతం చెయ్యలేదు. అతను విమానమెక్కి వచ్చి, మా నాన్న ఎదురుగా కూర్చుని, చెమటలు కక్కుతూ, 'మీ అమ్మాయి నాకు నచ్చింది అంకుల్, కాదంటే వెళ్ళిపోతాను' అన్నాడు. పిచ్చివాడు. కానీ వచ్చాడు."

*

పెళ్ళి రాజమండ్రిలో జరిగింది. మళ్ళీ ఉగాది వచ్చి వెళ్ళింది. ఆక్లండ్ శివారు టకానినిలో నిరుపమ, రోహిత్ కొత్త ఇల్లు కొనుక్కున్నారు. గృహప్రవేశం, వ్రతం. శేషారత్నమే ఫోను చేసి పిలిచింది. "పోయినసారి పని పడిందన్నావు. ఈసారి పని పెట్టుకోకు బాబూ."

రవిచంద్ర పొద్దున్నే విమానమెక్కాడు. అందరికంటే ముందు అతనే వచ్చాడు. మామిడాకులు కడుతున్న రోహిత్ స్టూలు దిగి చెయ్యి కలిపాడు. "మీరు పెరూజా రవిగారు కదూ? నిరుపమ చెప్పింది. నాకు ఫుట్‌బాల్ ఓనమాలు కూడా తెలీవండీ, ఎప్పుడైనా నేర్పాలి." మంచివాడు. ద్వేషించడానికి ఏమీ దొరకలేదు.

పీటల మీద దంపతులు కూర్చున్నారు. పురోహితుడు సంకల్పం మొదలుపెట్టాడు.

"అబ్బాయి గోత్రం?"

"శ్రీవత్స" అన్నాడు రోహిత్.

"అమ్మాయి నక్షత్రం?"

"రేవతండీ" అంది శేషారత్నం.

రవిచంద్ర తలెత్తాడు.

రేవతి?

మంత్రాలు సాగుతున్నాయి. అతను వరండాలోకి వెళ్ళి ఫోను తీశాడు. యాప్‌లో నిరుపమ పేరు ఇంకా ఉంది. ఉత్తరాభాద్ర. పైన తేదీ సరే, టైము సరే. దాని కింద సన్న అక్షరాల్లో, పుట్టిన ఊరు: క్రైస్ట్‌చర్చ్.

అతను కొట్టలేదు దాన్ని. ఫోను ఎక్కడుందో చూసి యాపే తనంతట తను వేసుకుంది. రాజమండ్రిలో నాలుగింటికి పుట్టిన పిల్లను క్రైస్ట్‌చర్చ్ నాలుగింటికి పుట్టించింది. ఆరున్నర గంటల తేడాలో నక్షత్రం ఒకటి వెనక్కి జరిగింది.

ఊరు మార్చాడు. రేవతి. ఎర్ర అక్షరాలు పోయాయి. ముప్పై ఆరుకు ఇరవై ఏడు.

"ఇక్కడున్నావా బాబూ?" శేషారత్నం బయటికి వచ్చింది. చేతిలో హారతి పళ్ళెం. "ఆ రోజు నీకోసం మూర్తిగారు అరగంట ఆపించారు వ్రతం."

"ఆంటీ, ఆ రోజు నా నక్షత్రం అడిగారు. పొంతన చూశారా?"

"పొంతనా?" ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "అదెందుకు? పిల్ల ఇష్టం తెలిశాక మేమెందుకు చూస్తాం? సంకల్పంలో ఇంట్లోవాళ్ళతో పాటు నీ పేరు కూడా చెప్పిద్దామని అడిగాను. చెప్పించాను కూడా. నువ్వు రాకపోయినా దేవుడి ముందు నీ పేరు పలికాడు పంతులుగారు." హారతి అతని వైపు చాచింది. "కళ్ళకద్దుకో."

అద్దుకున్నాడు. ఆ రోజు వీధి మలుపులో వైపర్లు తిరుగుతున్నప్పుడు, నూరు అడుగుల దూరంలో తన పేరు ఆ ఇంటివాళ్ళ పేర్లలో కలిసిందన్నమాట.

ప్రసాదం నిరుపమ తెచ్చింది. పసుపు బట్టలు, చేతినిండా గాజులు.

"ఈసారి అందరికంటే ముందొచ్చావట."

"అవును."

"ఇప్పుడు అడిగి లాభం లేదు గానీ, సైట్‌లో పనేమీ లేదు కదూ ఆ రోజు?"

"లేదు."

"మరి?"

ఫోను ఇంకా చేతిలోనే ఉంది. తెర మీద ఇరవై ఏడు వెలుగుతోంది. చూపిస్తే ఆమెకు తెలుస్తుంది. తెలిసి ఏం చేసుకుంటుంది? లోపల రోహిత్ ఎవరి పిల్లనో ఎత్తుకుని గంట కొట్టిస్తున్నాడు.

రవిచంద్ర ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"సోర్స్ చెక్ చెయ్యలేదు" అన్నాడు.

ఆమె కాసేపు అతని మొహంలోకి చూసింది. ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో. "నన్నడిగితే చెప్పేదాన్ని కదా" అంది మెల్లగా. తర్వాత ప్రసాదం దొన్నె అతని చేతిలో పెట్టింది. "తిను. ఇది మాత్రం కాదనకూడదు."

తిన్నాడు. నెయ్యి, యాలకులు, జీడిపప్పు. నోట్లో తియ్యగానే ఉంది.

టకానిని స్టేషన్లో రైలు రావడానికి ఇంకా టైముంది. బెంచీ మీద కూర్చుని నల్ల అట్ట పుస్తకం తీశాడు. ఆల్డో రాసిన ముప్పై వరసలు. రెండుసార్లు గీసిన సున్నా. ఇన్నేళ్ళలో ఆ పేజీ మీద అతను ఒక్క చుక్క కూడా పెట్టలేదు.

ముప్పై ఒకటో వరసలో, పోయిన ఏడాది ఆ పౌర్ణమి శనివారం తేదీ రాశాడు. దాని పక్కన, రాలేదు. దాని పక్కన, 0-3.

ఆ పుస్తకంలో అదొక్కటే ఓటమి.