పేజీ అడుగున పసుపు మాటలు

నాకు అక్షరాలు యాభై రెండో ఏట వచ్చాయి. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోయినా, అక్కర్లేని చోట ఉన్నా, మీరే సర్దుకుని చదవండి. ఇది రాయడానికి నెల రోజులు పట్టింది. నెమ్మదిగానైనా ఉన్నది ఉన్నట్టే రాశాను.

మా ఆఫీసులో జనం ఫోనులో చదువుకునే ఆరోగ్యం పేజీలు తయారుచేస్తారు. చెయ్యి కాలితే ఏం చెయ్యాలి, పసిబిడ్డకు విరేచనాలైతే ఏం పట్టాలి, అలాంటివి. నేను అక్కడ నేల తుడిచే పనిలో చేరాను. చదవడం వచ్చాక ఇంకో పని కూడా ఇచ్చారు. ప్రతి పేజీ బయటకు వెళ్ళేముందు నేను నా పాత ఫోనులో పైకి చదవాలి. నేను తడబడిన చోట వాక్యం విరుస్తారు. ఊపిరి తీసుకున్న చోట పేరా మారుస్తారు.

ఆ విరిచే పని ఒక అమ్మాయిది. శీర్షికలు పెట్టేది, ముఖ్యమైన మాటలు లావు అక్షరాల్లోకి మార్చేది ఆమే. ఆఫీసంతా ఆమెను కత్తెరమ్మ అనేవారు.

ఒక వానరోజు, గొడుగులోంచి నీళ్ళు కారుతుండగా కొత్త రచయిత ఆమె బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నా వ్యాసాన్ని ఉల్లిపాయలా తరిగింది ఎవరండీ?"

"నేనే. కళ్ళు మండుతున్నాయా?"

"ఆలోచన తెగకూడదని ఒకే పేరాగా రాశాను."

"మీ ఆలోచన తెగలేదు సార్. ఈ అమ్మకు ఊపిరి తెగింది," అంటూ నన్ను చూపించింది.

అతను నమ్మలేదు. తను రాసిన అసలు ప్రతి నా చేతిలో పెట్టి చదవమన్నాడు. నాలుగో లైనుకే నాకు దగ్గు వచ్చింది. అతను గబగబా వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి, నా పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"ఎక్కడ ఆగాలనిపించిందో చెప్పండమ్మా," అన్నాడు, మెల్లగా.

అప్పుడు కత్తెరమ్మ అతన్ని మొదటిసారి సరిగ్గా చూసింది. ఆ మర్నాడే అతనికి ఏకధాటి అని పేరు పెట్టింది.

ఇద్దరి మాటలూ ఎక్కువగా పేజీల్లోనే నడిచేవి. ఒకరికొకరు చెప్పుకోవాల్సినవి వ్యాసం మధ్యలోనే పసుపు రంగు పూసి రాసుకునేవారు. ఆ సంగతి తేలాక కత్తెరమ్మ ఆ పసుపు ముక్కను చెరిపేసేది. 'ఈ వాక్యం నా ప్రాణం, ముట్టుకోకండి' అని అతను రాసేవాడు. కింద ఆమె, 'మీ ప్రాణం మూడు ముక్కలైంది, క్షమించండి' అని రాసేది. కనిపించింది చదవడమే నా పని కాబట్టి అవీ పైకి చదివేదాన్ని. ఇద్దరూ తలలు దించుకునేవారు.

ఏడాది ఇలా గడిచింది. ఒక సోమవారం ఊళ్ళో తాగునీటి గొట్టాల్లోకి మురుగు చేరిందని కబురు వచ్చింది. నీళ్ళు ఎంతసేపు మరిగించాలి, ఎవరిని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి అన్న పేజీ గంటలో బయటకు వెళ్ళాలి. ఏకధాటి రాసి పంపాడు. సగం చదివేసరికి కత్తెరమ్మ నన్ను ఆపింది.

"చాలమ్మా, టైము లేదు. మిగతాది నేను చూసుకుంటాను."

పేజీ వెళ్ళింది. ఆ రోజు నుంచి ఏకధాటి మాట్లాడడం మానేశాడు. వ్యాసాలు పంపేవాడు, పసుపు లేకుండా. గురువారం అతను ఉద్యోగం మానేస్తున్నాడని, శనివారమే ఆఖరి రోజని తెలిసింది.

"ఎందుకట?" అని కత్తెరమ్మను అడిగాను.

"నన్నడుగుతారేం? పెద్ద రచయితలు. మనతో చెప్పి వెళ్తారా?" అంది. అన్నదే గానీ, ఆ పూట ఒక్క పేరా కూడా విరవలేదు.

శుక్రవారం సాయంత్రం ఇంటి దగ్గర, ఆ నీళ్ళ పేజీలో మిగిలిన సగం తీశాను. చదవకుండా వదిలేయడం నావల్ల కాదు. మా ఆయనకు ఆపరేషన్ చేసి ఇంటికి పంపినప్పుడు ఆస్పత్రివాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. మూడేళ్ళ తరువాత, చదవడం వచ్చాక దాన్ని చదివాను. అట్టడుగు లైనులో 'జ్వరం వస్తే వెంటనే తీసుకురండి' అని ఉంది. ఆయన జ్వరంతోనే పోయారు.

నా ఫోనులో ఉన్నది మొదట పంపిన ప్రతి. దాని అడుగున పసుపు ఉంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఏకధాటి బల్ల సొరుగులు ఖాళీ చేస్తున్నాడు. కత్తెరమ్మ తన కంప్యూటరు వైపే చూస్తూ కూర్చుంది. నేను ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుని, ఫోను తీసి చదవడం మొదలుపెట్టాను.

"మీరు విరుస్తారని తెలిసి... ఇప్పుడు రాసేటప్పుడే... మీకోసం ఆగుతున్నాను."

అతని ముఖం పాలిపోయింది. "అమ్మా, ఆపండి."

"నా పని చదవడమే బాబూ," అని ముందుకు సాగాను. "ఇంట్లో ఏ మంచి సంగతి జరిగినా... ముందు మీకు చెప్పాలనిపిస్తుంది. మిగిలిన జీవితం మీతో గడపాలని ఉంది. ఇష్టం లేకపోతే... ఈ పసుపు చెరిపేయండి. మళ్ళీ అడగను."

కత్తెరమ్మ కుర్చీ మా వైపు తిప్పింది.

"నేనిది చదవలేదు," అంది కత్తెరమ్మ. "ఆ తొందరలో పసుపంతా ఒక్క నొక్కుతో తీసేశాను."

"చదివే తీసేశారనుకున్నాను."

"ఒక్క మాట అడగొచ్చు కదా."

"అడగనని మాటిచ్చాను కదా."

"ఇప్పుడు అడగండి. నోటితో."

చేతిలోని పుస్తకాలు బల్ల మీద పెట్టి, అంతంత వాక్యాలు రాసే మనిషి రెండే మాటలన్నాడు.

"నాతో ఉంటారా?"

"ఉంటాను," అంది. చెంపలు తుడుచుకుని, "ఆ పుస్తకాలు సొరుగులో పెట్టేయండి," అంది.

మూడు నెలలకు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి జరిగింది. అబ్బాయి తరఫు సాక్షిగా నన్ను పిలిచారు. గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, వేలిముద్రకని సిరా పెట్టె నా ముందుకు జరిపాడు. పెళ్ళికూతురు దాన్ని అతని వైపే తోసేసి, తన పెన్ను మూత తీసి నా చేతికిచ్చింది. వెనక ఇంకో రెండు జంటలు ఎదురుచూస్తున్నాయి. నేను ఒక్కొక్క అక్షరమే దిద్దాను. పూర్తయ్యేదాకా ఎవరూ తొందరపెట్టలేదు.

— చదువులమ్మ (ఆఫీసులో పిలిచే పేరు), వయసు అరవై ఒకటి. ఇప్పుడు ఉండేది ఆఫీసు వెనక వీధిలో, కుట్టుమిషన్ల కొట్టు పైన, మేడగదిలో.