కళ్లు తెరవని కూన

అమావాస్య ఆదివారం... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! ఆళ్లగడ్డను మాడ్చాల్సిన సూర్యుడు కాటుక మబ్బుల వెనక ఎక్కడో మాయమైపోయాడు. చుక్క వాన లేదు. ఉరుములు మాత్రం నల్లమల వైపు నుంచి ఒకదాని వెంట ఒకటి దొర్లుకొస్తున్నాయి. శిల్పాల షెడ్డు వెనక పట్టపగలే గుడ్లగూబ కూసింది... ఒకసారి కాదు, మూడుసార్లు! హేమలతకు భయం వెయ్యలేదు. ఒళ్లు మండిపోయింది.

మండదా మరి? ఇంట్లో పిల్లికూనను పెంచుకోవాలా వద్దా అన్న ముక్క తేల్చడానికి, బుద్ధున్న మనిషి ఎవరైనా క్షుద్రమాంత్రికుడి గడప తొక్కుతారా! ఆమె అత్త రంగనాయకమ్మ తొక్కింది.

నాలుగు రోజుల కిందట రాళ్ల సందులో నల్లకూన ఒకటి దొరికింది. తల్లి చచ్చిపోయింది, దీనికింకా కళ్లు తెరుచుకోలేదు. హేమలత కూతురు, ఎనిమిదేళ్ల జాహ్నవి దాన్ని పాత తువ్వాలులో చుట్టి, దూదితో పాలు పట్టి, ఇంట్లోనే పెంచుకుందామని ఒకటే పోరు. హేమలత ఔననలేదు, కాదనలేదు. రాతిదుమ్ముకే అత్తకు ఆయాసం, ఇంక పిల్లి బొచ్చు కూడానా అని ఒకపక్క. బిడ్డ ముఖం చూస్తే మనసొప్పక ఇంకోపక్క. రేపు చెప్తా, రేపు చెప్తా అంటూ నాన్చింది. ఆ నాన్చుడే కొంప ముంచింది.

ఈలోగా అత్త బస్సెక్కి నంద్యాల పోయి మాంత్రికుడు ఓబులేసును అడిగొచ్చింది. వాడు మంత్రించిన నిమ్మకాయ ఇచ్చి బిడ్డ దిండు కింద పెట్టమన్నాడు. పెట్టింది మహాతల్లి! మర్నాటి నుంచీ జాహ్నవి కళ్లు తెరవలేదు. ఒళ్లు నిప్పుల కుంపటి. ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించినా గుణం కనిపించలేదు. ఇప్పుడు షెడ్డులో మంచం మీద మూసిన కళ్లతోనే లేచి కూర్చుని... ఎవడిదో ముసలి గొంతుతో నవ్వుతోంది! సున్నిపెంటలో గుడి పనికి పోయిన భర్త మహేష్‌కు ఫోను కలవడం లేదు.

ఆ మంచం ముందు, వీపు మంచం వైపు పెట్టి, బనగానపల్లె గుడి కోసం చెక్కిన నిలువెత్తు ఉగ్రనరసింహుడు నిలబడి ఉన్నాడు. కోరలు, జూలు, వజ్రనఖాలు అన్నీ పూర్తయ్యాయి. కళ్లు తప్ప. ముఖానికి పసుపుగుడ్డ కట్టి ఉంది. ఆ ఇంటి శిల్పులు కనుగీత ఆఖరున గీస్తారు. గీసేటప్పుడు ఎదుట మనిషి నిలబడకూడదు, అద్దం పెట్టాలి. కొత్తగా తెరిచిన కళ్ల తొలిచూపు అంత ఉగ్రం. చనిపోయేముందు మామ ఆ పని కోడలి చేతికే అప్పగించాడు.

అత్త పిలిస్తే విరుగుడు చేస్తానని వచ్చిన ఓబులేసు సరిగ్గా ఆ విగ్రహం ఎదుటనే ముగ్గు వేశాడు! రక్తచందనం పూసిన కపాలాన్ని మధ్యలో నిలిపి, దాని ముందు నల్లకూనను పడేసి, విగ్రహానికి ఎదురుగా కూర్చున్నాడు.

"సామీ, దేవుని ముందర వద్దులే," అని రంగనాయకమ్మ గొణిగింది.

"కండ్లు లేనిది దేవుడేందిమే? రాయి. రాయి నన్నేం చేస్తాది?" అని వాడు కత్తి నూరుకుంటూ అన్నాడు. "ఈ కూన మాది కాదని మీరిద్దరూ చెప్పండి. ఎవురిదీ కాని జీవమే బలికి పనికొస్తాది. అది పోతే బిడ్డ లేస్తాది."

"మాది కాదు సామీ," అనేసింది అత్త. కపాలం కంటిగుంతల్లో ఎర్రటి వెలుగు రాజుకుంది!

"నువ్వు చెప్పుమే," అని వాడు హేమలత వైపు తిరిగాడు.

బిడ్డ కంటే కూన ఎక్కువా? మాట పెదవుల దాకా వచ్చింది... అప్పుడు మంచం మీది ముసలి గొంతు ఆగలేక వాగేసింది. "చెప్పు... తొందరగా చెప్పు... కూన పోతే ఈ పిల్ల కండ్లు ఇంక నావే..."

ఓబులేసు ముఖం మాడిపోయింది. హేమలతకు సంగతంతా తెలిసిపోయింది. చేతబడి చేసిందీ వీడే, విరుగుడు పేరు చెప్పి బిడ్డను దయ్యానికి అప్పగించబోయిందీ వీడే! అరికాలి నుంచి నడినెత్తి దాకా కోపం భగ్గుమంది.

"ఆ కూన మాదే," అంది. "మా ఇంట్లోనే ఉంటాది. నా బిడ్డ పక్కలో పండుకుంటాది. నువ్వెవడ్రా అడిగేదానికి?"

ఫెళ్లున కపాలం నెర్రె విచ్చింది! ఓబులేసు బొబ్బ పెడుతూ కూన మీద కత్తి ఎత్తాడు. అంతకంటే ముందే హేమలత దాన్ని లాక్కుని అత్త ఒళ్లోకి విసిరింది. "మంచం కాడికి పో అత్తా, ఈ పక్కకు చూడాకు," అంటూ ఉలీ సుత్తీ అందుకుని పక్కనున్న పరంజా ఎక్కింది. పసుపుగుడ్డ పీకి పారేసింది.

అద్దం పెట్టాలి. పెట్టలేదు!

టక్... ఒక కన్ను. టక్... రెండో కన్ను.

దిక్కులు పిక్కటిల్లేలా పిడుగు పడింది. నల్లరాతిలో రెండు అగ్నినేత్రాలు విచ్చుకున్నాయి... ఎదుట అద్దం లేదు, ఓబులేసు ఉన్నాడు! "తల్లీ, మూయి... ఆ కండ్లు మూసేయి తల్లీ..." అన్న కేక సగంలోనే తెగిపోయింది. ముగ్గు మధ్యలో గుప్పెడు బూడిద, దాని మీద పగిలిన కపాలం ముక్కలు మిగిలాయి. మబ్బులు విడి ఎండ పడింది.

హేమలత మంచం దగ్గరికి పరుగెత్తింది. జాహ్నవి ఒళ్లు చల్లబడింది. రెప్పలు బరువుగా లేచాయి. అత్త ఒళ్లోని నల్లకూనకు కూడా అప్పుడే, సన్నటి గీతల్లాగా, కళ్లు విడుతున్నాయి. దాని తొలిచూపు జాహ్నవి మీద పడింది.

"అమ్మా, ఇది నన్ను చూస్తాంది," అంది బిడ్డ నీరసంగా.

హేమలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. "రేపు నంద్యాల పోయి దీన్ని పశువుల డాక్టరుకు చూపిద్దాం. టీకా ఎప్పుడెయ్యాల్నో అడుగుదాం."

రంగనాయకమ్మ నేల చూపులు చూస్తూ నసిగింది. "అది కాదు హేమా... ఇంట్లో బొచ్చు రాలితే నాకు ఆయాసం..."

"ఆయాసమొస్తే నీ మంచం వరండాలో ఏస్తా అత్తా," అంది హేమలత కళ్లు తుడుచుకుంటూ. "కూన మాత్రం లోపలే ఉంటాది."