తెరచాటు స్టూలు

శుక్రవారం ఉదయం హెడ్లీ ఉడికించిన గుడ్డు మీద చెంచాతో తాళం వేస్తూ జడ్జిగారి పాట అందుకున్నాడు. ఊపిరి పీల్చుకోవడానికి సందివ్వని పాట అది. మూడో వరుసలో ఆగిపోయాడు. గిన్నెలు కడుగుతున్న మ్యూరియల్ వెనక్కి తిరగకుండానే మాట అందించింది. ఆయన మళ్ళీ పరుగందుకున్నాడు.

లాంకషైర్‌లోని ఆ చిన్న ఊరి సంగీత నాటక సమాజంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే వరస. ఏటా వసంతంలో ఏదో ఒక పాత హాస్య సంగీత నాటకం వేస్తారు. నవ్వించే ముసలి వేషం హెడ్లీది, ఈసారి జడ్జి. తెరచాటున స్టూలు మీద పుస్తకం పట్టుకు కూర్చుని, మర్చిపోయిన మాటలందించే ప్రాంప్టర్ పని ఆయన భార్య మ్యూరియల్‌ది. ప్రాంప్టర్ గొంతు జనానికి వినిపించకూడదని సమాజం నియమం. ఆమె గొంతు ఏనాడూ వినిపించలేదు, పేరు కరపత్రంలోకి ఎక్కనూ లేదు.

తలుపు తోసుకుని కూతురు గ్వెన్ వచ్చింది. ఈ ఏటి నాటకానికి దర్శకురాలు ఆమే. కోటైనా విప్పలేదు.

"నాన్నా, నిన్న రిహార్సల్లో ఆఖరి చరణం ముందు పాడి, మొదటి చరణం ఆఖర్న పాడావేంటి?"

"కోరస్ వాళ్ళని అడుగు. నిలబడాల్సిన చోట నిలబడితేగా!"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది! వాళ్ళెక్కడ నిలబడితే నీకేం?"

గ్వెన్ సంచిలోంచి రెండు ఆడవాళ్ళ టోపీలు తీసి బల్ల మీద పెట్టింది. ఒక్కో టోపీ వెనక ఒక్కో చీటీ గుచ్చి ఉంది. పెద్ద పెద్ద అక్షరాల్లో పాట! జడ్జి పీఠం ముందు వరసగా నిలబడే ఆడవాళ్ళ టోపీలవి. మధ్య చోటు కోసం ఇరవై ఏళ్ళుగా కీచులాడుకుంటున్న డోరీన్, ఈనిడ్ నిన్న ఒకరి చోటికి ఒకరు వెళ్ళారు. వాళ్ళతోపాటే చరణాలూ వెళ్ళాయి.

మ్యూరియల్ నవ్వాపుకోలేక తుడుపుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకమ్మా! రేపే ఆట. జడ్జి వేషం క్లైవ్‌కి ఇచ్చేస్తున్నా."

"ఆ పళ్ళ డాక్టరుకా? వాడు పాడితే జనం వాళ్ళంతట వాళ్ళే నోళ్ళు తెరుస్తారు, ఆవలింతలతో!" అని హెడ్లీ గయ్యిమన్నాడు. తర్వాత చెంచా కింద పెట్టేశాడు. "పాట పోతే పోయింది గ్వెన్. దాని వెనకే ఇంకేం పోతాయోనని నా భయం. మొన్న మన వీధి పేరు చప్పున తట్టలేదు. రేపు మీ అమ్మ పేరే పోతే?"

గ్వెన్ కోపం ఎటు పోయిందో, కళ్ళు నిండాయి.

"పోతే నేనే అందిస్తా," అంది మ్యూరియల్. "నీకు మాటలందించడం నాకు కొత్తా? కానీ నాకు చెప్పకుండా టోపీలకి చీటీలు గుచ్చావు చూడు, అదీ నా కోపం. ఇన్నేళ్ళు ఆ స్టూలు మీద కూర్చున్నదాన్ని, నన్నడగాలనిపించలేదా?"

అంటూనే పళ్ళెం తుడుస్తూ జడ్జి పాట మొత్తం గుక్క తిప్పుకోకుండా పాడేసింది. తండ్రీకూతుళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు.

గ్వెన్ ముందుగా తేరుకుంది. "కోర్టన్నాక గుమాస్తా ఉండాలి కదా! అమ్మా, నువ్వే గుమాస్తావి. పుస్తకం పట్టుకుని నాన్న పక్కనే నిలబడు. నీకో డైలాగు కూడా ఇస్తున్నా. 'సైలెన్స్! కోర్టు మొదలవుతోంది!'"

శనివారం మధ్యాహ్నానికి చర్చి హాలు నిండిపోయింది. తెర లేచింది. మ్యూరియల్ మొదటిసారి జనాన్ని ఎదురుగా చూసింది. అందరి మాటలూ కంఠతా వచ్చిన మనిషికి తన ఒక్క మాటా రాలేదు. చూసి చెబుదామంటే కొత్తగా పుట్టిన ఆ మాట పుస్తకంలోనే లేదు.

జడ్జిగారి విగ్గు ఆమె వైపు వంగింది.

"మ్యూరియల్... 'సైలెన్స్! కోర్టు మొదలవుతోంది.'"

ఆమె హాలు దద్దరిల్లేలా అరిచింది. ఆ తర్వాత పాటలో జడ్జిగారు రెండుచోట్ల ఆగితే గుమాస్తా రెండుచోట్లా బాహాటంగానే అందించింది. అదీ నాటకమే అనుకుని జనం పడీపడీ నవ్వారు.

ఇంటికి నడుస్తూ హెడ్లీ ఏడిపించాడు. "ఉన్నది ఒక్క డైలాగు. అదీ మర్చిపోయావు!"

మ్యూరియల్ ఆయన చెయ్యి పట్టుకుంది.

"నువ్వు నా పేరు మర్చిపోలేదుగా," అంది.