పాట నేర్పే పిల్లకు వీసా

"మీరు నన్‌గా పోతున్నరా మేడమ్?"

అబిడ్స్‌లో వాన దంచి కొడుతున్న ఒక మధ్యాహ్నం, వీసా కన్సల్టెన్సీలో కూర్చుని అనురాగ్ అడిగిన మొదటి ప్రశ్న ఇది. అడిగింది ఎవర్ననుకున్నారు? చున్నీ కొసలు పిండుకుంటూ, తడిసిన ఫైలు ఒళ్లో పెట్టుకుని ఎదురు కుర్చీలో కూర్చున్న జెర్లిన్‌ని. ఆ పిల్ల చూసిన చూపు వేడికి తడిసిన ఫైలు కూడా ఆరిపోయి ఉండాలి.

"నన్ లెక్క కనబడుతున్ననా?"

"అంటే... రెలీజియస్ వర్కర్ వీసా అన్నరు గదా. ఆ వీసాకు మా దగ్గరికి ఫాదర్లు వస్తరు, సిస్టర్లు వస్తరు, పూజారులు వస్తరు. గిట్ల చేతినిండ గాజులేస్కొని ఎవరూ రాలే."

"నేను పాట నేర్పుతా. నాంపల్లిల మా చర్చి క్వయర్ నాదే. సండేస్కూల్ పిల్లలు గూడ నావాళ్లే. టెక్సాస్‌ల ఒక తెలుగు చర్చి ఉంది. ఆడి పిల్లలకు తెలుగు పాటలు రావట, నేర్పనీకి రమ్మన్నరు. గాజులేస్కుంటే దేవుడేమన్న ఒద్దన్నడా?"

"దేవుడు ఒద్దనడు మేడమ్. ఆఫీసర్ అడుగుతడు."

"అడిగితే ఆయనకే చెప్త. మీకెందుకు మధ్యల?"

అనురాగ్ ఆమె ఫైలు అందుకున్నాడు. అప్పుడు జెర్లిన్ అతని మెడలో వేలాడుతున్న ఐడీ కార్డు చూసింది. పేరు చదివింది. మొహం మాడ్చుకుంది.

"మీ ఇల్లు బషీర్‌బాగా?"

"ఔ. మీకెట్ల తెల్సు?"

"తెల్సు. అంతే."

ఈ వీసా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, లేకపోతే కథ ముందుకు కదలదు. మతసంస్థల్లో పనిచేసేవాళ్లకు అమెరికావాళ్లు కొన్నేళ్ల కోసం ఇచ్చే వీసా అది. దరఖాస్తు పెట్టేది అక్కడి చర్చి, వాళ్ల లాయరు. ఇక్కడి కాగితాలన్నీ పోగుచేసి పంపేది అనురాగ్ లాంటివాళ్లు. మామూలుగా పెడితే నెలలకు నెలలు ఎదురుచూపే. అదనంగా ఫీజు కట్టి ప్రీమియం ప్రాసెసింగ్ అడిగితే మూడు వారాల్లో ఏదో ఒక జవాబు వస్తుంది. ఇచ్చామనో, ఇవ్వమనో, ఇంకా రుజువులు చూపించమనో.

"క్రిస్మస్‌కు ఆ పిల్లలు స్టేజీ మీద పాడాలె," అంది జెర్లిన్. "నేను అంతకు నెలముందే ఆడ ఉండాలె. లేటయితే వేరేవాళ్లను పిల్చుకుంటరు."

"ఇంకో చర్చి దొరుకుతది లెండి మేడమ్."

"దొరకదు." ఆమె గొంతు హఠాత్తుగా మెత్తబడింది. "చిన్నప్పట్నుంచి పాడుతున్న. ఇంట్ల టైంపాస్ అన్నరు, బయట టైంపాస్ అన్నరు. నా పాటను ఉద్యోగమని పిలిచింది వీళ్లొక్కరే."

అనురాగ్‌కి ఎందుకో పౌరుషం పొడుచుకొచ్చింది. "ప్రీమియం పెట్టిస్త. ఫికర్ చేయకండి. నేనున్న గదా!"

పాస్టరు అయ్యగారి సంతకం కోసం ఆ శనివారం సాయంత్రం నాంపల్లి వెళ్లాడు. క్వయర్ ప్రాక్టీసు నడుస్తోంది. తనకంటే పెద్ద వయసున్న మగాళ్లను వరసలో నిలబెట్టి జెర్లిన్ కడిగేస్తోంది. "శ్రీహరన్నా, మీరు పాడుతున్నరా, ఆటోవాన్ని పిలుస్తున్నరా?" అందరూ నవ్వారు, శ్రీహరన్నతో సహా. తర్వాత ఆమె తనే ఒక చరణం ఎత్తుకుంది. వెనక బెంచీలో కూర్చున్న అనురాగ్ సంతకం సంగతి మర్చిపోయాడు. ఏం పాట అంటే చెప్పలేడు. కానీ అది అయిపోతే లేచి వెళ్లాల్సి వస్తుందని భయపడ్డాడు. అదీ సంగతి. పడిపోయాడు.

ఇక ప్రతి శనివారం ఏదో ఒక కాగితం తక్కువయ్యేది.

"మళ్ల ఏంది?" అనేది జెర్లిన్.

"పాస్‌పోర్ట్ సైజ్ ఫోటో."

"మొన్ననే ఇచ్చిన గదా!"

"ఒకటి వానల తడిసింది."

తడవలేదు. చొక్కా జేబులో భద్రంగా ఉంది. నాంపల్లి స్టేషన్ ఎదుట ఇరానీ చాయ్ తాగుతూ కూడా ఆమె అతన్ని గిల్లుతూనే ఉండేది. ఒకరోజు అతను ఉండబట్టలేక అడిగేశాడు.

"మనం ఇంతకుముందు కల్సినమా?"

"లేదు. మీరు చూస్తే గదా కలిసేది."

ఆ మాటకు అర్థం తెలియక అతనికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దానికి తోడు ఇంకో బాధ. ప్రీమియం పెట్టమని లాయరుకు పట్టుబట్టి రాసింది తనే. నెలలు పట్టాల్సిన పని మూడు వారాల్లో తేల్చేసి పిల్లను విమానం ఎక్కించబోతున్నాడు. తన వేలితో తన కన్నే పొడుచుకోవడమంటే ఇదే.

జవాబు రానే వచ్చింది. ఇంకా రుజువులు కావాలట. టెక్సాస్ చర్చి ఏ క్రైస్తవ శాఖదో, గత రెండేళ్లుగా జెర్లిన్ కూడా ఆ శాఖలో సభ్యురాలేనని చూపించాలి.

"ఇదెంత పని!" అని ఇద్దరూ నాంపల్లి అయ్యగారి దగ్గరికి పరుగెత్తారు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"క్వయర్ నడుపుతోందని ఎన్ని ఉత్తరాలైనా ఇస్తాను బాబూ. సభ్యురాలని మాత్రం రాయలేను. పోయినేడు అమ్మాయి నాన్న రిచర్డ్ గారు వచ్చి ట్రాన్స్‌ఫర్ లెటర్ తీసుకెళ్లారు. అమ్మాయి సభ్యత్వం ఇప్పుడు మా దగ్గర లేదు."

జెర్లిన్ మొహం పాలిపోయింది. గబగబా బయటికి నడిచింది. అనురాగ్ వెంటపడ్డాడు. చర్చి మెట్ల మీద వాన తుంపర్లు కొడుతున్నాయి.

"ట్రాన్స్‌ఫరేంది? ఏ చర్చికి?"

"మీ చర్చికి. బషీర్‌బాగ్‌కు."

"మా చర్చికా? ఎందుకు?"

"పెండ్లికి."

"ఎవరి పెండ్లి?"

"మీ పెండ్లి! నాతోటి!"

అనురాగ్ ఆ తడి మెట్టు మీదే కూలబడ్డాడు.

పెళ్లయ్యాక పిల్ల సభ్యత్వం అత్తగారి సంఘానికి మారడం వాళ్లలో ఆనవాయితీ. అయ్యాక మారుతుంది, కాకముందు కాదు. కానీ జెర్లిన్ తండ్రి రిచర్డ్ గారు రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. పొద్దుటి బండికి రాత్రే ప్లాట్‌ఫామ్ మీద పడుకునే రకం. అనురాగ్ తల్లి డోర్కాసమ్మ ఫోన్లో "మీ పిల్ల మాకు నచ్చింది" అన్నదే తడవు, పెళ్లిచూపులు కూడా కాకుండానే లెటర్ పట్టుకెళ్లి ఆమె చేతిలో పెట్టి వచ్చాడు. మరుసటి వారమే సంబంధం తప్పిపోయింది. లెటర్ గురించి మళ్లీ ఎవరూ అడగలేదు, జెర్లిన్ కూడా దాన్ని మర్చేపోయింది.

"మీరు నా ఫోటో గూడ చూడలే," అంది జెర్లిన్. కన్నీళ్లు తుడుచుకోవడం లేదు, వానలో ఎవరికి కనిపిస్తాయని. "మీ మమ్మీతోటి ఏమన్నరో మా ఇంట్ల అందరికీ తెల్సు. 'పాటలు పాడుకుంట తిరిగే పిల్ల నాకొద్దు, ఏదన్న ఉద్యోగం చేసే పిల్లను చూడు' అన్నరట."

"అన్న," అన్నాడు అనురాగ్. తల ఎత్తలేకపోయాడు. "అట్లనే అన్న జెర్లిన్. గాడిద లెక్క అన్న."

"మీరొద్దంటే నాకేం పోలే. ఇంకో సంబంధం వస్తది. కానీ ఈ ఉద్యోగం మళ్ల రాదు. జరగని పెండ్లి కోసం నా పాట పోతున్నది సూడండి, అందుకు ఏడుస్తున్న."

ఆ మాట అతనికి గుండెలో ముల్లులా దిగింది. సిగ్గేసింది, కోపం వచ్చింది, అన్నీ తన మీదే. అలాగే కూర్చుని ఉన్నవాడు ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"ఆగు ఆగు. మీ చర్చి, మా చర్చి ఒకటే డయాసిస్ గదా, ఒకే బిషప్ కింద?"

"ఔ. అయితే?"

"శాఖ ఒకటే! వాళ్లడిగింది చర్చి కాదు జెర్లిన్, శాఖ! ఏడాది ఈడ, ఏడాది గాడ ఉన్నా లెక్కే. మా చర్చిల నిన్ను చేర్చుకొని ఉంటే చాలు!"

"ఎవరు చేర్చుకుంటరు? పెండ్లే కాలే. ఆ లెటర్ ఎప్పుడో చెత్తబుట్టల పడుంటది."

"మా మమ్మీని అడుగుదాం. ఎక్కు బండి."

మీరు కాస్తా నువ్వయ్యిందని ఇద్దరూ గమనించలేదు. అబిడ్స్ మీదుగా ఆ వానలో, ఆ ట్రాఫిక్‌లో స్కూటర్ ఎలా పోయిందో స్కూటరుకే తెలియాలి.

డోర్కాసమ్మ తలుపు తీసింది. కొడుకుని పట్టించుకోలేదు. "జెర్లిన్‌వి గదా బిడ్డా! అయ్యో, మొత్తం తడిసినవ్, లోపలికి రా," అని తువ్వాలు తెచ్చి తనే తల తుడవడం మొదలుపెట్టింది.

"మమ్మీ, పోయినేడు రిచర్డ్ అంకులిచ్చిన లెటర్ ఏం చేసినవ్?"

"ఏం చేస్త? ఆ ఆదివారమే అయ్యగారికి ఇచ్చిన. ఆరాధనల పేరు చదివి చేర్చుకున్నరు. క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు తప్ప చర్చి గడప తొక్కనోనివి, నీకెట్ల తెలుస్తది?"

"మరి సంబంధం తప్పినంక పేరు తీపియ్యలే?"

"ఎందుకు తీపిస్త? నువ్వొద్దన్నవ్, నేను ఒద్దన్ననా? ఏదో ఒకనాడు నీకు బుద్ధి రాకపోతదా అని దేవుని దగ్గర కనిపెట్టుకొని ఉన్న. నెలనెలా మన సంఘ చందాతోటి ఈ బిడ్డది గూడ కట్టుకుంట వస్తున్న." ఆమె జెర్లిన్ గడ్డం పట్టుకుంది. "ఈ సంఘంల నీ పేరు ఒక్క దినం గూడ ఆగలేదు తల్లీ."

జెర్లిన్ ఆ తువ్వాల్లో మొహం దాచుకుని భోరుమంది. ఈసారి ఏడుపు వేరే. అనురాగ్ కూడా గోడవైపు తిరిగి ముక్కు ఎగబీల్చుకున్నాడు.

ఇద్దరు అయ్యగార్లూ చెరో ఉత్తరం ఇచ్చారు. ఆ రాత్రికే అవి లాయరుకు చేరాయి. మళ్లీ ఎదురుచూపు. జెర్లిన్‌కి అన్నం సయించలేదు. అనురాగ్ జీవితంలో మొదటిసారి మామూలు ఆదివారాలు కూడా చర్చికి వెళ్లి మోకాళ్లూనాడు. ఆమె వెళ్లిపోవాలనే ప్రార్థించాడు. మనస్ఫూర్తిగానే.

శనివారం ప్రాక్టీసు మధ్యలో చర్చి తలుపు ధడేల్మని తెరుచుకుంది. అబిడ్స్ నుంచి పరుగెత్తుకుంటూ వచ్చిన అనురాగ్, ఊపిరాడక గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"అప్రూవ్డ్!"

ఇంక ఆ కేకలు ఏం చెప్పను! పిల్లలు బెంచీలెక్కారు. శ్రీహరన్న ఎత్తిన గొంతు నాంపల్లి స్టేషన్ దాకా వినిపించి ఉంటుంది. ఇక మిగిలింది కాన్సులేట్ ఇంటర్వ్యూ. అందులో ఏం నేర్పిస్తావని అడిగితే జెర్లిన్ అక్కడే నిలబడి ఒక చరణం పాడింది. వీసా ఇచ్చారు.

వీసా వచ్చిన ఆ సాయంత్రం, స్టేషన్ ఎదుట చాయ్ చల్లారిపోయేదాకా అనురాగ్ కప్పు వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఏమన్న చెప్పేదుందా?" అంది జెర్లిన్.

"ఉంది. కానీ నువ్వు ఒద్దంటవ్. అనాలె గూడ. నాకు తగిన శాస్తి."

"అడగకముందే ఎట్ల ఒద్దంట? నేనేమన్న నీ లెక్కనా?"

అడిగేశాడు. నీ పాటంటే ఇష్టం, నువ్వంటే ప్రాణం, నన్ను చేసుకుంటావా అని సూటిగానే అడిగాడు. జెర్లిన్ చల్లారిన చాయ్ కప్పు పక్కకు జరిపింది.

"నాతోటి వస్తే నీది డిపెండెంట్ వీసా. ఆడ నిన్ను పని చేయనియ్యరు. నాకన్న నీకే బాగ తెల్సు."

"ఇన్నేండ్లు భార్యలను మొగుళ్ల ఎన్క డిపెండెంట్లుగ పంపిన. ఒక్క మొగుణ్నన్న పంపకుంటే ఎట్ల? నువ్వు పాట నేర్పు. నేను వండి పెడత, కుర్చీలేస్త, నీ పిల్లలకు చెమ్కీ కిరీటాలు కత్తిరిస్త. ఉద్యోగం చేసే పిల్లే కావాలన్న గదా, దొరికింది."

"అన్నం వండొస్తదా?"

"నేర్చుకుంట."

"నేర్చుకో మరి. జల్దీ," అని నవ్వింది. ఆ నవ్వే ఒప్పుకోలు.

రెండు కుటుంబాలూ కూర్చున్నాయి. "ఈసారి నేను తొందరపడనమ్మా," అన్నాడు రిచర్డ్ గారు చేతులు జోడించి. "మీరు పడొద్దు అన్నయ్యా, నేను పడ్త," అంది డోర్కాసమ్మ. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు సంఘంలో ప్రకటన చదవాలి, ఎవరికైనా అభ్యంతరముందా అని అడగాలి. ప్రయాణం దగ్గరికొచ్చేసింది.

"ప్రకటనలకు ప్రీమియం ప్రాసెసింగ్ లేదా అయ్యగారూ?" అని అనురాగ్ బతిమాలాడు.

"దేవుని ఆఫీసులో అందరికీ ఒకటే లైను బాబూ," అన్నారు బషీర్‌బాగ్ అయ్యగారు.

మూడో ఆదివారం నాంపల్లి క్వయరంతా దిగింది. బషీర్‌బాగ్ చర్చిలో నిలబడ్డానికి కూడా చోటు లేదు. అయ్యగారు కాగితం తీశారు.

"ఈ సంఘ సభ్యుడైన అనురాగ్‌కును, ఇదే సంఘ సభ్యురాలైన జెర్లిన్‌కును..."

డోర్కాసమ్మ చుట్టూ కలయజూసింది, విన్నారా అన్నట్టు.

"...వివాహము నిశ్చయమైనది. వధువు ఉద్యోగం, సంఘములో పాట నేర్పుట."

ఆ మాట దగ్గర రిచర్డ్ గారు జేబురుమాలు తీశారు. జెర్లిన్ కళ్లు మూసుకుంది. పక్కనే ఉన్న అనురాగ్ చెయ్యి వెతికి గట్టిగా పట్టుకుంది.

"వరుడు ఆమెతో వెళ్లి ఇల్లు చూసుకొనును. ఎవరికైనను అభ్యంతరమున్నయెడల..."

అయ్యగారి మాట పూర్తి కానిస్తేగా! వెనక నుంచి నాంపల్లి పిల్లలు పాట ఎత్తుకున్నారు. శ్రీహరన్న అందుకున్నాడు. అయ్యగారు నవ్వుతూ కాగితం మడిచేశారు. పెళ్లికూతురు బుద్ధిగా కూర్చోవాలని ఎవరెంత సైగ చేసినా వినకుండా, జెర్లిన్ లేచి వెనక్కి తిరిగి రెండు చేతులూ ఎత్తి పాట నడిపించింది.