దారప్పోగుల గూడు

"ఏటి బాబూ, సెరువులో సెత్తంతా మా మెట్ల మీదేనేటి?"

లలిత్ వల దులపడం ఆపాడు. అది మెటియాబ్రుజ్ అనే బెంగాలీ పేటలో ఓ దర్జీ షాపు వెనక చెరువు. మెట్ల మీద నిలబడిన అమ్మాయి మెడలో టేపు వేలాడుతోంది.

"తెలుగువాళ్లా?"

"ఏం, తెలుగోళ్లు తిట్టకూడదా?"

ఆమె అరుణకుమారి, ఆ షాపులో బట్టలు కుడుతుంది. తండ్రి గవరయ్య ఓడల డాక్‌లో పనిచేస్తాడు. లలిత్ ఊరికి అవతలి కొసన న్యూ టౌన్‌లో ఉంటాడు, నీటి పురుగుల మీద పరిశోధన.

రెండు వానాకాలాలుగా అతను కాడిస్ అనే పురుగు గూడు కోసం వెతుకుతున్నాడు. రెక్కల పురుగు ఒకటి ఈ వీధి దీపం కింద దొరికింది. దాని పిల్ల నీళ్లలో ఉంటుంది. నోట్లోంచి వచ్చే పట్టుదారంతో ఇసుక, ఆకుముక్కలు అతికించి గొట్టంలా గూడు కట్టుకుంటుంది. ఆ గూడు ఒక్కటీ దొరకలేదు. "అది గాలికి కొట్టుకొచ్చింది. ఈ నెలాఖరుకి టాపిక్ మార్చు" అన్నారు గైడ్ హైమ మేడమ్.

"రోజూ ఇలాగే పారేస్తావా?" అడిగింది అరుణ.

"మీ దారప్పోగులేగా. అవి తీసేశాకే వెతుకుతాను."

ఆమె వంగి చూసింది. "ఈ పోగు నడుస్తంది."

"గాలికి."

"గాలికి కాళ్లుంటాయేటి?"

దాన్ని టీ గ్లాసు నీళ్లలో వేసింది. ఊదా దారం చుట్టిన గొట్టంలోంచి తల బయటికొచ్చింది. తర్వాత కాళ్లు.

లలిత్ గ్లాసు అందుకుని కళ్లకి దగ్గరగా పట్టుకున్నాడు. రెండేళ్లుగా తను పారేసింది దీన్నే. గాలికి కొట్టుకొచ్చిందన్న మేడమ్ మాట కూడా ఆమెకి చెప్పాడు.

"ఈ ఊదా దారం పోయిన వారమే తెచ్చినాం. వీధిలో మాకొక్కళ్లకే ఉంది" అంది అరుణ. "నీ పురుగు గాలికి రాలేదు. ఇక్కడే ఇల్లు కట్టింది. మీ మేడమ్‌కి సెప్పు."

ఇద్దరూ కలిసి పదిహేడు గూళ్లు ఏరారు. గ్లాసులు షాపు కిటికీలో పెట్టారు. నీళ్లు మార్చడానికి లలిత్ రోజూ వచ్చాడు. ఇరవై రెండో రోజున ఒకదానికి రెక్కలొచ్చాయి.

హైమ మేడమ్ దాన్నీ, దీపం కింద దొరికినదాన్నీ మైక్రోస్కోప్ కింద పక్కపక్కన పెట్టారు. పొట్ట కొస ఆకారం రెండింటికీ ఒకటే.

"ఒకే జాతి. పొరపాటు నాదే, లలిత్. ఆవాసం ఆ చెరువే అని రాసుకో."

ఆదివారం అతను ఏక్‌బాల్‌పూర్‌లో అరుణ వాళ్లింటికి వెళ్లి గవరయ్య చేతిలో చీటీ పెట్టాడు.

"ఇదేటి బాబూ, పెళ్లికార్డా?"

"పురుగు చీటీ అండీ. మ్యూజియంలో పెడతారు. జాతి పేరు, చెరువు పేరు, కనిపెట్టినవాళ్ల పేరు."

గవరయ్య కూడబలుక్కుని కూతురి పేరు చదివాడు. రెండోసారి బిగ్గరగా చదివాడు.

"ఇంకో మాట అండీ. ఆ గ్లాసుల్లో నీళ్లు రోజూ మార్చక్కర్లేదు. మూడు రోజులకోసారి చాలు. అయినా రోజూ వచ్చాను."

గవరయ్య కూతురి వైపు చూశాడు.

"నాకు మొదటి వారమే తెలుసు నాన్నా" అంది అరుణ.

"అయితే, పెళ్లికార్డు కూడా నువ్వే రాయించు బాబూ" అన్నాడు గవరయ్య.