జంగప్ప తాగలేదు

ఆదివారం పొద్దున ఎస్తేరమ్మ పూరీలకు పిండి కలుపుతోంది. ఆమె భర్త బాల్‌రాజ్ అద్దం ముందు నిలబడి తెల్లచొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. తాండూరులో నాపరాళ్ల పాలిష్ యూనిట్‌కు ఆయన సూపర్‌వైజరు. సంఘపెద్ద కూడా. ఈ రోజు చర్చిలో ప్రార్థన నడిపించే వంతు ఆయనదే. యూనిట్ వెనక సేటు ఇచ్చిన ఇంట్లోనే వాళ్ల కాపురం.

వికారాబాద్ దవాఖానలో నర్సుగా చేస్తున్న కూతురు సింధుజ అప్పుడే రైలు దిగి వచ్చింది. సంచి పక్కన పెట్టి, నీళ్లయినా తాగకుండా తండ్రి ముందు నిలబడింది.

"నాయినా, మీ యూనిట్ జంగప్ప మా వార్డులనే ఉన్నడు."

బాల్‌రాజ్ వేళ్లు గుండీ దగ్గరే ఆగిపోయాయి. "ఎట్లున్నడు?"

"మోచెయ్యి కాడికి తీసేసిండ్రు. నువ్వు చూడనీకె కూడ రాలే. తాగి మిషన్ల చెయ్యి పెట్టిండని పోలీసులకు నువ్వే చెప్పినవంట. నిజమేనా?"

"వచ్చీరాంగనే ఏం లొల్లే?" ఎస్తేరమ్మ కసురుకుంది. "నాయినను చర్చికి పోనియ్."

"ఆయనను తెచ్చినప్పుడు డ్యూటీల నేనే ఉన్ననమ్మా. నోట్లె మందు వాసనే లేదు."

బాల్‌రాజ్ మంచం మీద కూలబడ్డాడు. కటింగ్ మిషను బ్లేడుకు అడ్డుగా ఉండే కవరు విరిగిందని జంగప్ప ముందే చెప్పాడు. బాల్‌రాజ్ ఆ మాట సేటు చెవిన వేశాడు. ఆర్డరు పోతుంది, నడిపించమన్నాడు సేటు. "ఏం గాదు, నడుపు" అని భయపడుతున్న జంగప్పను మిషను దగ్గరికి పంపింది బాల్‌రాజే. ప్రమాదం జరిగాక సేటు బాల్‌రాజ్ భుజం మీద చెయ్యి వేసి, "తాగిండని ఒక్క మాట చెప్పు, నీ నౌకరీకి, ఇంటికి ఫికర్ లేదు" అన్నాడు. బాల్‌రాజ్ చెప్పేశాడు.

"నిజం చెప్తె సేటు ఎళ్లగొడ్తడు," అంది ఎస్తేరమ్మ. "ఆ చెయ్యి మల్ల వస్తదా? ఆయన కోసం ప్రార్థన చేద్దాం, దేవుడే చూస్కుంటడు."

"మనం నోరు మూసుకుంటె దేవుడు ఎవరి నోటితోని మాట్లాడాలెనమ్మా? బలం లేనోని తరఫున మాట్లాడనోడు ఎన్ని పాటలు పాడినా దేవుడు వినడని చిన్నప్పుడు నాకు నాయిననే చెప్పిండు."



అంతలో వాకిట్లో అలికిడైంది. జంగప్ప భార్య ఎంకమ్మ. పిల్లలను చూసుకుందామని తమ ఊరు పెద్దేముల్‌కు వచ్చి, మళ్లీ దవాఖానకు పోతూ దారిలో ఇక్కడ ఆటో దిగింది.

"అయ్యా, చర్చికి పోతుండ్రా? మా ఆయన సంగతి మీ ఏసయ్యకు జర చెప్పుండ్రి." ఆమె గొంతు తగ్గించింది. "తాగినోని కోసం మొక్కుతె వింటడా అయ్యా?"

ఎంకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"తాగలేదని పిల్లల మీద ఒట్టు పెట్టిండు. నేను నమ్మలే. మీరు అబద్ధం చెప్పరు గదా! దవాఖానల మంచం మీద పడి ఉన్నోన్ని నోటికొచ్చినట్టు తిట్టిన. గప్పటిసంది నాతోని మాట్లాడుతలేడు."

బాల్‌రాజ్ ప్రార్థనకు కళ్లు మూసుకున్నాడు. ఎన్నో ఏళ్లుగా తడుముకోకుండా వచ్చే మాటలు ఒక్కటీ రాలేదు. కళ్లు తెరిచాడు.

"ఎంకమ్మా, నీ పెనిమిటి తాగలే. నేనే అబద్ధం చెప్పిన."

ఆమె ఏడవలేదు, శపించలేదు.  "గా మాట నాకు గాదు, ఆయనకు చెప్పు" అంది. అంతవరకూ 'మీరు' అన్న మనిషి.

బాల్‌రాజ్ చెప్పులు వేసుకున్నాడు. ఎస్తేరమ్మ గడపలో అడ్డంగా నిలబడింది. ఆపుతుందనుకున్నాడు. ఆమె పిండి చేతులతోనే కళ్లు తుడుచుకుంది.

"ఆయన చెయ్యి పోయినప్పటిసంది నువ్వు అన్నం ముందట ప్రార్థన చేస్తలేవు. ఎందుకని నేను అడగలే. అడిగితె తెలుస్తదని భయం. ఉండు, నేను గూడ వస్త."

నలుగురూ ముందు పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు. తాను చెప్పింది అబద్ధమని, మిషను కవరు విరిగిన సంగతి సేటుకు తెలుసని, తెలిసీ జంగప్పతో నడిపించింది తానేనని బాల్‌రాజ్ చెప్పాడు. బయటికి వచ్చేసరికే, కబురు అందుకున్న సేటు ఫోను. ఇల్లు ఖాళీ చేయమని అరుస్తున్నాడు. "చేస్త సేటూ" అని పెట్టేశాడు.

వికారాబాద్‌లో వార్డు నిండా జనం. జంగప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు. బాల్‌రాజ్ మంచం దగ్గర నిలబడి అందరికీ వినపడేలా చెప్పాడు.

"జంగప్పా, నువ్వు తాగలే. మిషను ఖరాబైందని నువ్వు చెప్పినా, నడుపుమన్నది నేనే. మల్ల నీ మీదనే అబద్ధం చెప్పిన. గిప్పుడు పోలీసులకు నిజం చెప్పొచ్చిన."

జంగప్ప మెల్లగా ఇటు తిరిగాడు. ఆయన చూపు బాల్‌రాజ్ మీద నిలవలేదు. భార్యను చూశాడు.

"విన్నవా ఎంకీ?"

ఎంకమ్మ ఆయన గుండె మీద తల వాల్చి భోరుమంది. మిగిలిన ఆ ఒక్క చేతితో జంగప్ప ఆమె తల నిమురుతూ ఉన్నాడు. బాల్‌రాజ్‌కు ఉండాలో పోవాలో తెలియలేదు. క్షమించమని అడగడానికి కూడా నోరు రాలేదు.

ఆమె ఏడుపు తగ్గాక జంగప్ప అన్నాడు: "ఎంకీ, గాయనకు స్టూలెయ్. ఎంతసేపు నిలబడ్తడు?"

ఎంకమ్మ కళ్లు తుడుచుకుంటూ స్టూలు జరిపింది. బాల్‌రాజ్ దాని మీద కూర్చోలేకపోయాడు. మంచం కోడు పట్టుకుని నేల మీదే కూలబడి, వార్డంతా చూస్తుండగా ఏడ్చాడు. ఎస్తేరమ్మ వచ్చి ఆయన పక్కనే నేల మీద కూర్చుంది.